చెమటకు, ఉప్పు గాలికి నిలిచిన సామాను

మొన్న మే నెలలో ఒక ఆదివారం వేకువన విశాఖపట్నం రామకృష్ణా బీచ్ దగ్గర పరుగు మొదలుపెట్టి, రుషికొండ దాకా వెళ్లి, తిరిగి వచ్చి కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు ఎదురుగా ఉన్న గట్టు మీద కూలబడ్డాను. ఎడమ బూటు విప్పి తలకిందులు చేస్తే అందులోంచి చెమట సన్నని ధారగా కారింది. నడకకు వచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, ''ఏం బాబూ, సముద్రంలో గాని దిగావా?'' అని అడిగారు. లేదండీ, ఇదంతా ఒంట్లోదే అని చెబితే ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

దూరపు పరుగుకు, సైకిలుకు ఏ సామాను కొనాలని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లలో చాలామంది అప్పటికే చలిదేశాల వాళ్లు చేసిన వీడియోలు చూసి, ఒకదాని మీద ఒకటి మూడు పొరల దుస్తులు, చేతికి ఉన్ని తొడుగులు, గాలిని ఆపే జాకెట్లు ఉన్న జాబితా ఒకటి రాసుకుని వస్తారు. విశాఖపట్నంలో తెల్లవారుజామున నాలుగున్నరకు బయటికి వచ్చినవాడికి చలి పెద్ద సమస్య కాదు. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, పైగా ఒంటికి తగిలిన ప్రతి వస్తువునూ నానబెడుతుంది. నానినదానికి సముద్రపు ఉప్పు తోడైతే బట్ట, తోలు, ఇనుము దేనికదే పాడవుతుంది. ఎనిమిదేళ్లుగా పరుగెత్తుతూ, అయిదేళ్లుగా దూరాలకు సైకిలు తొక్కుతూ నేను నేర్చుకున్నది ఇంతే: ఏ వస్తువునైనా చెమటలో, ఉప్పు గాలిలో ఎలా నిలుస్తుందో చూసి కొనాలి. నాది గాజువాక వైపు షిఫ్టు ఉద్యోగం కాబట్టి సాధన చీకట్లోనో ఎర్రటెండలోనో తప్ప నడుమ వేళల్లో కుదరదు. కింద రాసినవన్నీ ఆ లెక్కన చదువుకోవాలి.

నా సామానులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినది ఒంటి మీద వేసుకునేది కాదంటే నవ్వుతారేమో గాని, అది ఇంట్లో స్నానాల గది తలుపు పక్కన ఉండే బరువు చూసే యంత్రం. ఆ ఆదివారం బయలుదేరే ముందు బట్టలు లేకుండా నిలబడితే 71.4 కిలోలు చూపించింది. తిరిగి వచ్చి, ఒళ్లు తుడుచుకుని, మళ్లీ అలాగే నిలబడితే 69.7. నడుమ తాగిన నీళ్లు 600 మిల్లీలీటర్లు. అంటే ఒక కిలో తగ్గుదలను ఒక లీటరుగా తీసుకుంటే రెండు గంటల పది నిమిషాల్లో దాదాపు 2.3 లీటర్ల చెమట పోయింది, గంటకు లీటరు పైమాట. డిసెంబరులో అదే దారిలో, అదే వేగంతో చూసుకుంటే గంటకు 600 మిల్లీలీటర్లు దాటలేదు. ఈ రెండు అంకెలు తెలిసిన తరువాతే ఎన్ని సీసాలు మోయాలి, ఎంత దూరానికి ఒకసారి ఆగాలి అన్నది నాకు స్పష్టమైంది. అంతకుముందు నోరు ఎండితే తాగడం, లేకపోతే మరిచిపోవడం, ఇంటికి వచ్చి తలనొప్పితో పడుకోవడం జరిగేది.

పోయినదంతా నీళ్లతోనే పూడ్చాలనుకోవడమూ పొరపాటే. గంటల తరబడి వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని నా రెండు సీసాల్లో ఒకదానిలో ఓఆర్‌ఎస్, రెండోదానిలో మామూలు నీళ్లు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి పడుతుంది. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. మందుల షాపులో ప్యాకెట్టు వెనక్కి తిప్పి ఈ నాలుగు అంకెలు ఉన్నాయో లేదో చూసి కొనండి. అట్టడబ్బాల్లో వచ్చే తీపి పానీయాలకూ దీనికీ సంబంధం లేదు. రెండో సీసాలోని నీళ్లలో సగం నా నెత్తి మీదికే పోతాయి, ఆ ఖర్చుకు నేనెప్పుడూ బాధపడలేదు.

ఇక బట్టల సంగతి. నా మొదటి హాఫ్ మారథాన్‌ను నిర్వాహకులు ఇచ్చిన నూలు టీషర్టు వేసుకునే పరుగెత్తాను. గమ్యం దగ్గర తీసిన ఫొటోలో నా ఛాతీ మీద రెండు ఎర్రటి చారలు కిందికి కారుతూ కనిపిస్తాయి. ఆ ఫొటో చూసి మా అమ్మ ఎవరితో కొట్లాడావని అడిగింది. తడిసిన నూలు బట్ట బరువెక్కి, ఒంటికి అంటుకుని, అడుగడుగునా ఆకురాయిలా గీరుతుందని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు సన్నని రంధ్రాలున్న పాలిస్టరు బనియన్లే వాడుతున్నాను. వాటిలో ఖరీదైనవీ ఉన్నాయి, డెకాథ్లాన్‌లో కొన్న చవకవీ ఉన్నాయి. రెండేళ్లు ఉతికి చూసిన తరువాత చవకవాటికి వాసన కొంచెం ఎక్కువ పడుతుందన్న తేడా తప్ప నాకు మరేమీ కనిపించలేదు.

తొడలు, చంకలు, గజ్జలు ఒరుసుకుపోకుండా మొదట్లో కొబ్బరినూనె రాసుకునేవాణ్ని. అది పల్చగా కరిగి ముప్పావు గంటలో చెమటతో కొట్టుకుపోతుంది. పెట్రోలియం జెల్లీ మూడు గంటల దాకా నిలుస్తుంది, బట్టలకు మరకలు పట్టినా సరే నేను దానికే స్థిరపడ్డాను. ఎక్కడ రాయడం మరిచిపోయామో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. ఇంటికి వచ్చి మొదటి చెంబు నీళ్లు నెత్తిన పోసుకోగానే ఎక్కడెక్కడ చర్మం లేచిపోయిందో ఒళ్లే లెక్క అప్పజెబుతుంది.

టోపీ గురించి ఒక్క మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకుపడి, చెట్లను కూకటివేళ్లతో పెళ్లగించింది. కైలాసగిరి ఎక్కే దారిలో అంతకుముందు పరుగెత్తినవాళ్లు ఆ నీడను ఇప్పటికీ కథలా చెబుతారు. నేను మొదలుపెట్టేనాటికి ఆ నీడ లేదు. మొక్కలు తిరిగి లేస్తున్నా ఉదయం ఎనిమిది గంటల ఎండకు అడ్డం వచ్చేంతగా అన్నిచోట్లా లేవు. అందుకని ముందు అంచు పొడవుగా, నడినెత్తిన జల్లెడలా ఉండే తెల్లటి టోపీ తప్పనిసరి. నల్లటోపీ ఫొటోకే బాగుంటుంది.

బూట్ల దగ్గర అందరూ అడిగే ప్రశ్న ఏ కంపెనీ అని. నేను ఎదురు అడిగే ప్రశ్న ఎన్ని జతలని. ఇక్కడి ఉక్కలో నిన్న నానిన బూటు ఇవాళ్టికి ఆరదు కాబట్టి ఒకే ఖరీదైన జత కంటే మధ్యరకం జతలు రెండు ఉండటం మేలు. పరుగు నుంచి రాగానే లోపలి అట్టను బయటికి లాగి, నిన్నటి పేపరును ఉండలుగా చుట్టి కుక్కి, గంట తరువాత ఆ తడి కాగితాన్ని తీసేసి మళ్లీ పొడిది పెట్టి, ఫ్యాను కింద ఆరబెడతాను. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. ఒక జత అరికాలు నాలుకలా వేలాడిన తరువాత ఆ పాఠం నేర్చుకున్నాను. ప్రతి జత నాలుక లోపలి వైపు మార్కరుతో వాడకం మొదలుపెట్టిన తేదీ రాసుకుంటాను. 700 కిలోమీటర్లు దాటాక పైకి బాగానే కనిపించినా అడుగున ఉన్న నురుగు నొక్కుకుపోయి, మర్నాడు పిక్కలు, మోకాళ్లు పట్టేస్తాయి. కొనేటప్పుడు సాయంత్రం వేళ వెళ్లండి, పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు మరో బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. నాకు మామూలు చెప్పులు 9 సరిపోతాయి, పరుగు బూట్లు 10.

అడుగు నురుగులో గట్టి కార్బన్ పలకలు దూర్చిన తేలికపాటి పోటీ బూట్ల మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. వాటి అడుగు మరీ ఎత్తు పెరిగిపోతున్నదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2020లో రోడ్డు పోటీలకు 40 మిల్లీమీటర్ల హద్దు పెట్టిందంటే వాటి ప్రభావం నిజమేనని ఒప్పుకోవాలి. అయితే నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మారథాన్ ముగించే నాలాంటివాడు ఆ తేలికదనానికి డబ్బు పోసే ముందు ఒక పని చేయాలి. నా పాత జతలో ఒక బూటును వంటింటి త్రాసు మీద పెడితే పొడిగా 268 గ్రాములు తూగింది, మే నెల పరుగు తరువాత అదే బూటు 351 గ్రాములు. కంపెనీలు పాతిక గ్రాములు తగ్గించామని గొప్పగా చెప్పుకుంటున్నప్పుడు నా చెమట ఒక్క బూటుకే 83 గ్రాములు కలుపుతున్నది. అందువల్ల నేను బూటు చేతికి తీసుకున్నప్పుడు మొదట చూసేది పైభాగపు అల్లిక. దాని మీద నీళ్లు పోస్తే నిలుస్తాయా, కిందికి దిగిపోతాయా అన్నదే నాకు కావాలి. దుకాణంలో నీళ్లు పోయనివ్వరు కాబట్టి నోటితో గాలి ఊది చూస్తాను. అవతలి అరచేతికి గాలి తగలాలి.

ఇదంతా ఇంత పట్టుదలగా రాస్తున్నానే గాని, ప్రతి ఆషాఢ పౌర్ణమికి నా గొప్ప దిగిపోతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ అడుగున ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ తిరిగి వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది ఉత్తకాళ్లతోనే నడుస్తారు. ఒకసారి నేనూ బూట్లు లేకుండా బయలుదేరి, హనుమంతవాక వచ్చేసరికి అరికాలు బొబ్బలెక్కి కుంటుతుంటే, అరవై దాటిన ఒక పల్లెటూరి అమ్మ నన్ను దాటుకుంటూ ''నాయనా, కాలు ఈడవకు, ఎత్తి వెయ్యి'' అని చెప్పి వెళ్లిపోయింది. ఏ శిక్షకుడూ నా నడక గురించి అంత సూటిగా చెప్పలేదు.

మేజోళ్లు సింథటిక్‌వో, సన్నని మెరీనో ఉన్నివో కావాలి, నూలువి వద్దు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

గుండె వేగం చూసుకోవడం గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ వాతావరణంలో వేగం చూసుకుని పరుగెత్తేవాడు మోసపోతాడు. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున డిసెంబరులో పరుగెత్తితే నా గుండె నిమిషానికి 142 సార్లు కొట్టుకుంటుంది. మే నెలలో అదే వేగానికి 158. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట పోయిన కొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. గడియారంలో వేగం బాగానే ఉందని నెట్టుకుంటూ పోయినవాడు పదిహేనో కిలోమీటరు దగ్గర డివైడరు మీద కూర్చుంటాడు. అందుకని నాకు గుండె అంకె కావాలి, అదీ నమ్మదగినదై ఉండాలి. మణికట్టు గడియారం వెనుక మెరిసే ఆకుపచ్చ దీపం చర్మం కింది రక్తపు కదలికను చూసి లెక్కగడుతుంది. చెమటకు గడియారం జారినప్పుడు అది గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నా అడుగులు నిమిషానికి 170 పడతాయి, గడియారం కూడా తాపీగా 170 అని చూపిస్తుంది, నేనేమో పాటలు పాడుకునేంత హాయిగా ఉంటాను. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ పొరపాటు జరగదు. ఫిన్లాండులో 1977లో పుట్టిన పోలార్ కంపెనీ మంచు మీద జారే క్రీడాకారుల సాధన కోసమే మొదట ఈ పని మొదలుపెట్టిందట. మంచు కోసం పుట్టిన పట్టీ ఉక్కపోతలో నా ప్రాణం కాపాడుతున్నది. అయితే మన చెమట దాన్ని తినేస్తుంది. నా మొదటి పట్టీ బొత్తాలు పచ్చగా చిలుము పట్టి ఏడు నెలలకే చచ్చిపోయింది. రెండోదాన్ని ప్రతిసారీ దానికి బిగించే సెన్సరు డబ్బీ విడదీసి, పట్టీని మంచినీళ్లలో జాడించి, నీడన ఆరేస్తున్నాను, మూడేళ్లయినా పనిచేస్తున్నది. సైకిలు పెడలు కాడలో పెట్టి కాళ్ల బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటరు నా దగ్గర లేదు. దాని ధరకు నా సైకిలులో సగం వస్తుంది, నా కాళ్లలో ఎన్ని వాట్లున్నాయో తెలిసి నేను చేయబోయేదీ లేదు.

సైకిలుకు వస్తే, మొదట టైర్లు. కొన్నప్పుడు వచ్చినవి 23 మిల్లీమీటర్లవి. ఊళ్లో ఒక దుకాణంలో ఎప్పుడు ఇచ్చినా కళ్లు మూసుకుని 110 పాయింట్లు గాలి కొట్టి పంపేవారు. భీమిలి దారిలో ప్రతి గతుకూ వెన్నుపూస లెక్కపెట్టేది. ఇప్పుడు 28 మిల్లీమీటర్ల టైర్లలో ముందు 68, వెనుక 74 పెడుతున్నాను. మన రోడ్డు అద్దంలా ఉండదు గనుక గట్టి టైరు ప్రతి గరుకు మీదా సైకిలును పైకి ఎగరేస్తుంది, ముందుకు పోవాల్సిన బలం ఆ ఎగరడంలో వృథా అవుతుంది. కొంచెం మెత్తని వెడల్పు టైరు ఆ గరుకును తనలో ఇముడ్చుకుని సాగిపోతుంది. మార్చిన రోజున నా సగటు వేగం తగ్గలేదు. నడుం నొప్పి మాత్రం తగ్గింది.

పంక్చరు సామాను గురించి నాకు జ్ఞానం కలిగింది జాతీయ రహదారి మీద. బ్రెవే అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు సవారీ, 200 కిలోమీటర్లదాన్ని పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. దానికి సాధనగా విజయనగరం వైపు వెళ్లి వస్తూ తగరపువలస దాటాక వెనుక టైరు పడుకుంది. ట్యూబు మార్చి, చేతి పంపుతో గాలి కొట్టి బయలుదేరితే నాలుగు కిలోమీటర్లలో మళ్లీ పడుకుంది. రెండో ట్యూబూ ఎక్కించాను, అదీ ఆనందపురం దాకా రాలేదు. రోడ్డు పక్క లారీ టైర్లకు పంక్చర్లు వేసే రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తే సైకిలు నడిపించుకుంటూ వెళ్లాను. అక్కడి కుర్రాడు చక్రం చేతికి తీసుకుని, మూడు ట్యూబులనూ పక్కపక్కన పరిచి, చిల్లులన్నీ వాల్వు నుంచి ఒకే దూరంలో ఉన్నాయని వేలితో చూపించాడు.

''తీగ తియ్యకుండా ట్యూబు మారిస్తే ఏం లాభం సార్?''

''నేను చెయ్యి పెట్టి చూశానయ్యా, ఏమీ తగల్లేదు.''

''చేతికి తగలదు సార్, దూదికి తగులుతుంది.''

అలా అని, దూది ముద్ద ఒకటి తీసుకుని టైరు లోపల నిదానంగా ఒక చుట్టు తిప్పాడు. ఒకచోట దూది పోగు పట్టుకుని ఆగింది. గోళ్లు కత్తిరించుకునే కట్టరుతో అక్కడ పట్టి లాగితే వెంట్రుకంత సన్నని ఉక్కు తీగ, నాలుగు మిల్లీమీటర్లు కూడా లేనిది, బయటికి వచ్చింది. పేలిపోయిన లారీ టైర్లలోంచి ఊడిన ఇలాంటి తీగలు రహదారి అంచున ఇసుకలో కలిసి ఉంటాయని, సైకిళ్లు తిరిగేది ఆ అంచునే కాబట్టి మనకే గుచ్చుకుంటాయని ఆ కుర్రాడు వివరించాడు. నేను అప్పటిదాకా పల్లేరు కాయలనే తిట్టుకునేవాణ్ని. చిల్లులు అతికించాక మరో చిక్కు వచ్చింది: అతని కంప్రెసరు గొట్టం నా సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టలేదు. గంటకు వంద లారీ టైర్లకు గాలి పట్టగల యంత్రం పక్కన నిలబడి, నేను జానెడు పంపుతో మూడు వందల సార్లు కొట్టుకోవలసి వచ్చింది.

ఆ వారమే ఇత్తడి అడాప్టరు ఒకటి కొన్నాను. చిటికెన వేలి గోరంత ఉంటుంది, నేను కొన్నప్పుడు యాభై రూపాయలు కూడా కాలేదు, వాల్వు మీద బిగిస్తే ఏ పెట్రోలు బంకులోనైనా గాలి పడుతుంది. సీటు కింద సంచిలో ఇప్పుడు రెండు ట్యూబులు, టైరు విప్పే పుల్లలు రెండు, అతుకులు, జిగురు, దూది ముద్ద, చిన్న పటకారు, ఈ అడాప్టరు ఉంటాయి. గొట్టం ఉన్న చేతి పంపు ఫ్రేముకు కట్టి ఉంటుంది. గొట్టం లేని పంపుతో కొడితే వాల్వు మెడ విరుగుతుంది, నమ్మండి. గ్యాసు గుళికలు వేగంగానే గాలి నింపుతాయి గాని, తీగ తీయనివాడికి గుళికలు ఎన్నున్నా చాలవు.

దీపాలు: ముందుది రోడ్డును చూడటానికి, వెనుకవి మనల్ని ఇతరులు చూడటానికి. వెనుక రెండు పెట్టుకుంటాను, ఒకటి ఆరిపోయినా తెలియదు కాబట్టి. వెనుకది మినుకుమినుకుమంటే మనం ఎంత దూరంలో ఉన్నామో లారీ డ్రైవరుకు అంచనా అందదని నా అనుమానం, అందుకే ఒకటి నిలకడగా వెలిగేలా ఉంచుతాను. బ్రెవేలలో రాత్రిపూట దీపాలు, మెరిసే పట్టీల జాకెట్టు నియమం. నేను వేకువ పరుగులో కూడా ఆ జాకెట్టు వేసుకుంటాను, తెల్లవారకముందే చేపల బండ్లు బీచ్ రోడ్డు మీద ఎంత వేగంగా వస్తాయో చూసినవాళ్లు నవ్వరు. వెంటపడే కుక్కలకు సామాను లేదు. ఆగి, సైకిలు దిగి, గట్టిగా అదిలించడమే.

చైను విషయంలో నేను కొంచెం చాదస్తుణ్నని ఇంట్లో అంటారు. సముద్రం పక్క ఇసుక గాలిలోనే ఉంటుంది. చైనుకు నూనె వేస్తే ఆ ఇసుక అంటుకుని, నూనె, ఇసుక కలిసి నూరుడు ముద్దలా మారి, చైనునూ పళ్ల చక్రాలనూ అరగదీస్తుంది. నూనె వేయకపోతే ఒక్క రాత్రిలో ఎర్రటి తుప్పు పడుతుంది. అందుకని రెండేళ్ల నుంచి మైనం పట్టిస్తున్నాను. చైనును విప్పి, పెట్రోలులో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరిన తరువాత, మరిగే నీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి అందులో పారఫిన్ మైనం కరిగించి, పది నిమిషాలు ముంచి తీసి మేకుకు వేలాడదీస్తాను. చల్లారాక చైను కర్రలా బిగుసుకుంటుంది, చేత్తో ఒక్కో లంకె వంచితే పెళపెళలాడుతూ వదులవుతుంది. ఆ చప్పుడంటే నాకు ఇష్టం. ఇక మూడు వందల కిలోమీటర్లు చేతికి నలుపు అంటదు. వాన పడితే మాత్రం అదే రోజు తుడిచి మళ్లీ పట్టించాలి. మొదటిసారి వాడిన గిన్నెను కడిగి యథాస్థానంలో పెట్టినందుకు మా ఆవిడ, ''మీ సైకిలుకు వేరే వంటిల్లు కట్టించుకోండి'' అంది. ఇప్పుడు ఆ గిన్నె మేడ మెట్ల కింద ఉంటుంది. చైను అరుగుదల కొలిచే చిన్న ఉక్కు పలక కూడా అక్కడే ఉంటుంది. అది 0.5 శాతం అరుగుదల గుర్తు దగ్గర లంకెల్లోకి దిగిందంటే చైను మార్చేస్తాను, ఆలస్యం చేస్తే చైనుతో పాటు వెనుక పళ్ల చక్రాలన్నీ మార్చాల్సి వస్తుంది.

తిండిని సామాను అనవచ్చో లేదో గాని, జేబులో మోసేదే కాబట్టి రాస్తున్నాను. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. విదేశీ జెల్ పొట్లాలు ఎండకు వేడెక్కి, వెచ్చటి జిగురు మింగినట్టుంటాయి. నాకు నచ్చింది మామిడి తాండ్ర. బొటనవేలంత ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని నూనె కాగితంలో విడిగా చుట్టి, బనియను వెనుక జేబులో వేసుకుంటాను. ఎండకు కరగదు, ఒంటిచేత్తో నోటితో కాగితం లాగి తినవచ్చు, పులుపు ఉండటం వల్ల నాలుగో గంటలో కూడా వెగటు పుట్టదు. పళ్లకు అతుక్కుంటుంది, అదొక్కటే లోపం. వెంట గుక్కెడు నీళ్లు తాగాలి.

చివరగా సీటు. దీనికి నేను పెట్టిన ఖర్చు తలచుకుంటే సిగ్గేస్తుంది. మొదట మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందనుకుని జెల్ దిండున్నది కొన్నాను, గంటన్నరకు తిమ్మిరెక్కింది. తరువాత స్నేహితుడు బాగుందన్నది కొన్నాను, అతనికి బాగుందంతే. మూడోది మరీ సన్నం. ఇన్ని చేశాక తెలిసిందేమిటంటే, కూర్చునేటప్పుడు బరువు మోసే ఎముకలు రెండున్నాయి, వాటి నడుమ దూరం మనిషిమనిషికీ వేరు. అది కొలవడం తేలిక. లోపల ముడతలున్న అట్టముక్క ఒకదాన్ని, పార్సిలు పెట్టెది చాలు, మెట్టు మీద పరిచి, పలచని నిక్కరుతో దాని మీద కూర్చుని, మోకాళ్లు కొంచెం పైకెత్తి ముందుకు వంగి ఒక నిమిషం ఉండాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. సుద్దముక్కను అడ్డంగా రుద్దితే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. వాటి మధ్య బిందువుల నడుమ నాకు 128 మిల్లీమీటర్లు వచ్చింది. దానికి రెండు సెంటీమీటర్లు కలుపుకుంటే దాదాపు 150 వెడల్పు సీటు కావాలి. అప్పటిదాకా నేను కూర్చున్న చివరిదాని వెడల్పు 130. ఇప్పుడు వాడుతున్నది నడుమ చీలిక ఉన్న, గట్టిగా ఉండే 150 వెడల్పు సీటు. దాని మీద, లోపల లోదుస్తులు లేకుండా మెత్త ఉన్న సైకిలు నిక్కరుతో కూర్చుంటే, ఎనిమిది గంటల తరువాత దిగి కూడా మామూలు మనిషిలా నడవగలుగుతున్నాను. ఆ నిక్కరుతో టీ కొట్టు దగ్గర నిలబడటం అలవాటు కావడానికి మాత్రం ఏడాది పట్టింది.

పాత సీట్లు మూడూ అటక మీదే ఉన్నాయి. జెల్ దిండున్నది ఎలుకలు కొట్టేశాయి. మిగతా రెండిటిలో ఒకటి 130, ఒకటి 143. ఊళ్లో ఎవరైనా అట్ట మీద కూర్చుని కొలిచి, తమకు ఆ కొలత సరిపోతుందనుకుంటే వచ్చి తీసుకెళ్లి నెల రోజులు తొక్కి చూడవచ్చు. కొలవకుండా వస్తే మాత్రం, మా మేడ మెట్ల మీద కూర్చోబెట్టి కొలిచాకే ఇస్తాను.